డిప్పర్ లేని బామ్మర్ది

మా బెజ్జంకిలో పికప్ కొన్నవాడు ముందు చూసేది అది ఎంత లోడు మోస్తుందని కాదు, లైట్లు ఎట్లా కొడుతున్నాయని. లక్ష్మీనరసింహస్వామి గుడి ముందు పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, ఇంటికి తెచ్చిన వారానికే బండి మూతి విప్పి వాకిట్లో పెడతారు. జాతరకు బండ్లు కట్టి తిప్పే ఊళ్లలో సింగారం పుట్టుకతో వచ్చిన బుద్ధి. ఎడ్ల కొమ్ములకు రంగులు, మెడలో గజ్జెలు పోయి, పికప్ లైట్లకు ఏంజెల్ ఐస్ అనే వెలుగు రింగులు వచ్చాయి, అంతే తేడా.

మా బామ్మర్దికీ ఆ పిచ్చి పట్టింది. 2016లో మా మండలాన్ని కరీంనగర్ జిల్లా నుంచి తీసి సిద్దిపేటలో కలిపారు గానీ, స్పేర్ పార్టుల విషయంలో మావాడు ఇప్పటికీ కరీంనగర్ జిల్లావాడే. అక్కడి నుంచి ఎల్ఈడీ బల్బులు, ప్రొజెక్టర్ లెన్సులు, ఒక గమ్ము ట్యూబు సంచినిండా తెచ్చాడు.

"బావా, ఈ లైట్లేస్తే రోడ్డు మీద సూది పడ్డా కనపడాలె."

"సూది సంగతి తర్వాతరా, ఎదురొచ్చేటోనికి రోడ్డు కనపడాలె గదా."

ఆ మాట వాడికి వినపడలేదు. పానా వెతుకుతున్నాడు.

విప్పి పక్కన పారేసిన పాత బల్బును నేను చేతిలోకి తీసుకుని చూశాను. మెకానిక్కులు హెచ్4 అనే రకం, 60/55 వాట్లు. వేలెడంత గాజుబుడ్డిలో రెండు సన్నటి తీగలు: ఒకటి అప్పర్‌కు, ఒకటి డిప్పర్‌కు. డిప్పర్ తీగ కింద గోరంత రేకు దొప్ప ఉంటుంది. తెలివంతా ఆ దొప్పదే. రిఫ్లెక్టర్ కింది సగానికి వెలుతురు తగలనీయదు. పై సగానికి తగిలిందే వంగి రోడ్డు మీద పడుతుంది. ఆ తీగ ఉన్నచోటును బట్టే రిఫ్లెక్టర్ వంపు తీర్చారు. అందులో ఎల్ఈడీ దూర్చి, వెలుగు పుట్టే చోటు కాస్త జరిగిందా, వెలుతురు చెట్ల మీదికీ కరెంటు తీగల మీదికీ పోతుంది.

అంతకుముందు వీడి దోస్తు ఒకడు 100/90 వాట్ల బల్బులు వేశాడు. రెండు లైట్లూ కలిసి 10 యాంపియర్లు తాగే వైరింగులో 16, 17 యాంపియర్లు పారితే ఏమవుతుంది? రిలే పెట్టుకోమని అందరూ చెప్పారు. పెట్టలేదు. హోల్డరు కరిగి కారింది.

లెన్సు పెట్టాలంటే లైటు ముందరి అద్దం ఊడాలి, అద్దం ఊడాలంటే గమ్ము మెత్తబడాలి. దానికి మావాడు మే నెల ఎండనే నమ్ముకున్నాడు. రెండు లైట్లూ తీసుకెళ్లి స్లాబు మీద పెట్టాడు. సాయంత్రం మిరపకాయలు ఎత్తడానికి పైకెక్కిన మా అత్త అక్కడి నుంచే కేకేసింది.

"బండి గుడ్లు పీకి మిరపకాయల పక్కన ఎండబోసిండేందిరా వీడు!"

నేను మోటారు వాహనాల చట్టం తీశాను. 2019 సవరణ ప్రకారం అనుమతి లేకుండా బండిని మారిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ పడినా పడొచ్చు. మావాడు వేళ్ల మీద లెక్కేసి, "ఒక్క దిక్కే మార్పిస్తే సగమే గదా బావా," అన్నాడు.

అదే వరుసలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలూ చెప్పాను. డిప్పర్‌లో ఉన్న లైటు, 8 మీటర్ల దూరంలో, నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తులో ఉన్న కంటికి జిగేలు కొట్టకూడదు. ఒకటిన్నర మీటరంటే దగ్గర దగ్గర మా అత్త ఎత్తు. ఇంకేం, రాత్రి అన్నం తిన్నాక ఆమెను వాకిలి చివర నిలబెట్టి, అడుగులు కొలిచి, స్విచ్ వేశాడు.

"వామ్మో! కండ్లు పోయినయ్! బంద్ చెయ్‌రా!" కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"అమ్మా, ఇది డిప్పరే!"

అప్పర్ వేస్తానంటే ఆమె ఉండలేదు. ఇంట్లోకి పోతూ పోతూ, "ఎనుకట లారీలోళ్లు లైటు నడుమ నల్లచుక్క పెడుతుండిరి. పెట్టరాదు? దిష్టి గూడ పోతది," అంది. ఆ రోజు వాకిట్లో పలికిన ఇంజనీరింగు మాట అదొక్కటే. మావాడు పెట్టలేదు. అందం పోతుందట.

తొలకరి పడగానే ఊళ్లో ఉన్న ఉసిళ్లన్నీ వీధిలైట్లను వదిలేసి వీడి బండి చుట్టూ చేరాయి. గమ్ము సరిగా పట్టని సందులోంచి వాన నీళ్లు దిగి ఒక లైటు లోపల ఆవిరి కమ్మింది.

అయినా ఆ రాత్రి రాజీవ్ రహదారి ఎక్కాం. ఎదురుగా ఇంకో పికప్, ఇంకో తెల్లటి వెలుగు. వాడు అప్పర్ కొట్టాడు. మావాడు అప్పర్ కొట్టాడు. డిప్పర్ వేస్తే ఓడిపోయినట్టేనని ఇద్దరికీ పట్టుదల. చివరికి ఇద్దరికీ రోడ్డు కనపడక, బండ్లు పక్కకు తీసి దిగారు. నేను కొట్లాట ఆపడానికి దిగాను. నాలుగు తిట్లు అటు, నాలుగు ఇటు. ఐదో తిట్టుకు ముందు ఆ డ్రైవర్ మా బండి ముందు వంగి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"అన్నా, ఏడ ఏపిచ్చినవ్ ఇవి?"

"ఇంట్లనే, నేనే చేసిన," అన్నాడు మావాడు ఛాతీ పొంగించి.

"నాయి గింత కొడ్తలెవ్వే. ఐతారం నా బండి తెస్త, జర చూస్తవా?"