ఎముకలో సగం

ఎముకల నుంచి తీసిన పొడి తాగితే మన ఎముకలు గట్టిపడతాయని నేను నమ్మాను. నమ్మి ఊరుకుంటే ఆ తప్పు నాతోనే పోయేది. అక్కను కూడా నమ్మించాను. ఎముకలు గుల్లబారాయని డాక్టరు గారు ఆమెకు రాసిచ్చిన మాత్ర ఆపించాను. ఉద్యోగమంతా హైస్కూల్లో పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని. తెలియక చేశానని సర్దిచెప్పుకునే వీలు నాకు లేదు.

ఈ నమ్మకం నాకు కొత్తగా పట్టుకున్నది కాదు. మా ఇళ్లలో కాలో చెయ్యో విరిగిందంటే మేక కాళ్ల పులుసు పెట్టాల్సిందే. నాన్నకు చెయ్యి విరిగినప్పుడు అమ్మ కట్టెల పొయ్యి మీద, సన్నటి సెగకు, మేక కాళ్లు గంటల తరబడి ఉడికించేది. మిగిలిన పులుసు తెల్లారేసరికి గిన్నెలో గడ్డకట్టి ఉండేది. ఆ జిగురంతా ఎముకకు పట్టుకుంటుందనేది అమ్మ. ఆ జిగురే జెలటిన్. దాన్ని ఎంజైములతో ఇంకా చిన్న ముక్కలుగా విడగొడితే వచ్చేవి కొలాజెన్ పెప్టైడ్లు. చల్లారినా గడ్డకట్టవు, పాలల్లో వేస్తే ఇట్టే కరిగిపోతాయి. ఆ పెప్టైడ్ల పొడి డబ్బా చేతికి రాగానే అమ్మ పులుసు సైన్సు రూపంలో తిరిగొచ్చిందనుకున్నాను. అమ్మ మీద ప్రేమా, సైన్సు మీద గౌరవమూ ఒక్కచోట కలిసేసరికి ఇక ప్రశ్న అడగాలని తోచలేదు.

అడిగి ఉంటే జవాబు నా పాఠంలోనే ఉంది. ఏటా తొమ్మిదో తరగతి పిల్లల ముందు ఉడికించిన కోడి కాలి ఎముకను వెనిగర్‌లో వేసి ఉంచేదాన్ని. కొన్ని రోజులకు తీసి చూపిస్తే అది రబ్బరులా వంగేది. ఆమ్లంలో కాల్షియం లవణాలు కరిగిపోయాయి, మిగిలింది కొలాజెన్ అని చెప్పేదాన్ని. ఇంకో ఎముకను నిప్పుల్లో కాల్చి చూపించేదాన్ని. దాంట్లో కొలాజెన్ మాడిపోయి ఖనిజం మిగిలేది, వేళ్లతో నలిపితే పొడిపొడి అయ్యేది. గట్టిదనం ఖనిజానిది, విరగకుండా ఓర్చుకునే గుణం కొలాజెన్‌ది, రెండూ ఉంటేనే ఎముక అని బోర్డు మీద రాయించేదాన్ని. కొలాజెన్‌లో మూడు పోగులు తాడులా పెనవేసుకుని ఉంటాయని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కనిపెట్టారని గర్వంగా చెప్పేదాన్ని. ఇంత చెప్పినదాన్ని, డబ్బా దగ్గరికి వచ్చేసరికి ఎముకలో సగాన్నే ఎముక అనుకున్నాను.

ఎముకల నుంచి ఈ పొడి తీసే ఫ్యాక్టరీలో జరిగేది ఆ వెనిగర్ ప్రయోగమే. పశువుల ఎముకలను నలగగొట్టి, కొవ్వు పోయేలా కడిగి, పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెడతారు. కాల్షియం ఫాస్ఫేటు కరిగి ఆ ద్రావణంలోకి పోతుంది. మెత్తగా వంగే కొలాజెన్ ముక్కలు మిగులుతాయి. వాటిని ఆసీన్ అంటారు. ఆసీన్‌ను సున్నపు నీళ్లలో వారాల పాటు ఊరబెట్టి, కడిగి, వేడినీళ్లలో జెలటిన్ తీస్తారు. మరి కాల్షియం ఏమవుతుంది? ఆ ద్రావణానికి సున్నం కలిపి డైకాల్షియం ఫాస్ఫేటుగా మార్చి, ఎక్కువగా కోళ్ల దాణాకూ పశువుల దాణాకూ అమ్ముతారు. అంటే ఎముకలోని ఖనిజం ఒక దారిన పోయింది, మా పాలగ్లాసులోకి వచ్చింది ప్రొటీను మాత్రమే. పొడిలో కాల్షియమూ ఉంటుందన్న భరోసాతో నేను అక్క చేత కాల్షియం బిళ్ల కూడా మాన్పించాను.

డబ్బా వెనక్కి తిప్పి చదివినా తెలిసేది. చతురస్రంలో గోధుమరంగు త్రికోణం ఉంది, మాంసాహారమని గుర్తు. శనివారాలు నీచు ముట్టని అక్కకు శనివారం రాత్రి కూడా పాలల్లో కలిపి ఇచ్చాను. ఇది వైద్య అవసరానికి కాదని దాని మీదే ముద్రించి ఉంది. ఇలాంటి పోషక ఉత్పత్తుల మీద ఆ మాట ఉండి తీరాలని మన ఆహార భద్రతా నిబంధనలే చెబుతున్నాయి. నేను ముందువైపున్న నడుము బొమ్మను చూశాను గానీ వెనకవైపు అక్షరాలు చదవలేదు.

పొడి వల్ల ఏ ఉపయోగమూ లేదని ఇప్పుడు కోపంకొద్దీ అంటే అదింకో తప్పవుతుంది. 2018లో ఒక అధ్యయనం వచ్చింది. నెలసరి ఆగిపోయి, ఎముకల సాంద్రత తగ్గిన 131 మంది మహిళలను తీసుకున్నారు. కొందరికి రోజుకు 5 గ్రాముల కొలాజెన్ పెప్టైడ్లు, మిగిలినవారికి ఉత్తుత్తి పొడి ఏడాదిపాటు ఇచ్చారు. పెప్టైడ్లు తీసుకున్నవారిలో వెన్నులోనూ తుంటి దగ్గరా సాంద్రత కొంత పెరిగింది. ఆ అధ్యయనానికి డబ్బు పెట్టింది ఆ పెప్టైడ్లు తయారుచేసే కంపెనీయే. అయినా ఫలితం ఫలితమే, కొట్టిపారేయను. కాకపోతే విరుగుళ్లు తగ్గాయా అన్నది అంత చిన్న అధ్యయనం తేల్చే విషయం కాదు. నేను అక్క చేత ఆపించిన మాత్ర, ఆలెండ్రోనేట్, సంగతి వేరు. అప్పటికే వెన్నుపూస విరిగిన రెండువేల మందికి పైగా మహిళల మీద జరిపిన పరీక్ష ఫలితాలు 1996లో వచ్చాయి. కొత్తగా వెన్నుపూసలు విరగడం, తుంటి విరగడం ఆ మందుతో దాదాపు సగానికి తగ్గాయి. ఒకటి మేలు చేయొచ్చన్న ఆశ, ఇంకొకటి మేలు చేస్తుందని తేలిన మందు. మొదటిదాన్ని తెచ్చి రెండోదాని స్థానంలో పెట్టడమే నేను చేసిన పని.

అక్కకు రాత్రి భోజనంలో పప్పూ పెరుగూ తగ్గించి, పొడిలో ప్రొటీను ఉందిగా అనుకోవడం మరో తెలివితక్కువతనం. కొలాజెన్‌లో ట్రిప్టోఫాన్ అనే అవసరమైన ఎమైనో ఆమ్లం లేదు. పారిస్‌లో ఒకప్పుడు పేదలకూ రోగులకూ ఎముకల జెలటిన్ సూపు పోసి, మాంసానికి బదులు సరిపోతుందన్నారు. శాస్త్రవేత్త మాజాండీ అధ్యక్షతన అక్కడి సైన్సు అకాడమీ కమిటీ కుక్కల మీద పరీక్షించి, జెలటిన్ ఒక్కటే పెడితే ప్రాణం నిలవదని 1841లో తేల్చింది.

అక్క ఆ మాత్రను ఎప్పుడూ ఇష్టపడలేదు. వారానికోసారి పరగడుపున గ్లాసెడు నీళ్లతో వేసుకుని, అరగంట సేపు నడుం వాల్చకుండా ఉండాలి. ఛాతీలో మంట అనేది. ఆ సంగతి డాక్టరు గారికి చెబితే వేరే దారి చూపించేవారు, సూదిమందుగా ఇచ్చేవీ ఉన్నాయి. నేను ఆ కబురు ఆయన దాకా పోనివ్వలేదు. "సైన్సు చదివినదానివి, నువ్వు చెబితే కాదంటానా" అని అక్క పొడి గ్లాసు అందుకుంది.

ఆ వానాకాలం పెరట్లో జారి, చెయ్యి ఆనించబోయి మణికట్టు విరగ్గొట్టుకుంది. మాత్ర వేసుకుంటూ ఉంటే విరిగేది కాదని ఎవరూ చెప్పలేరు. ఆపమన్నది మాత్రం నేను. ఆసుపత్రిలో డాక్టరు గారు కోప్పడలేదు. "పొడి తాగితే తాగండమ్మా, నాకేం అభ్యంతరం లేదు. మాత్ర ఎందుకు ఆపారు?" అన్నారు. అక్క నావైపు చూసి, "మంట పడలేక నేనే ఆపేశానండీ" అంది. చెల్లెలి పరువు కాపాడింది. నిజం చెప్పడానికి అక్కడ నాకు నోరు రాలేదు, ఆ బాకీ ఇప్పుడు ఇక్కడ తీర్చుకుంటున్నాను.

అక్క ఇప్పుడు మళ్లీ మందు వాడుతోంది. ఉదయం నేనే పక్కన నడుస్తాను, ఎండ తగలనిస్తాను, రాగిజావ కాచి ఇస్తాను. మీ ఇంట్లో ఎముకలు గుల్లబారాయని తేలినవాళ్లుంటే ఒక్క మాట వినండి. పొడి కొనాలనిపిస్తే కొనుక్కోండి, ముందు డబ్బా వెనకవైపు చదవండి. మందు పడకపోతే ఆ మాట డాక్టరుకే చెప్పండి. ఆయన చెప్పకుండా మాత్ర ఆపకండి, మిమ్మల్ని నమ్మినవాళ్ల చేత అసలే ఆపించకండి.