ఎనామెలు కెటిలు ఆత్మకథ

ఇనుపరేకునకు నీలిగాజు పూతపూసి, దానిపై తెల్లని చుక్కలు చిలికి, కొలిమిలో కాల్చినంతనే నేను కెటిలునైతిని. నాకు జ్ఞానోదయమైనది మాత్రము ఆరిజోనా రాష్ట్రమున, నవాహో సీమయందలి హోగన్ అను దుంగల యింట. తమ్ము దినేలని చెప్పుకొను ఆ జనుల యిండ్లకు వాకిలి తూర్పుననే యుండును. వంశము తల్లివైపున లెక్కింపబడును గావున, నన్ను పొయ్యిపై నెక్కించు అధికారము అమ్మమ్మది.

నాకు మొదట నప్పగించిన పని కాఫీ కాచుట. కాఫీపై నాకు ద్వేషము లేదు గాని, అది ఆ జాతికి వచ్చిన త్రోవ మంచిది కాదు. అమెరికా సైన్యము వారి పంటలను తగులబెట్టి, 1864లో వేలకొలది జనులను మూడువందల మైళ్లకు మించి నడిపించి, న్యూమెక్సికోలోని బోస్కీ రెడోండోలో నిర్బంధించినప్పుడు, గోధుమపిండితోపాటు చేతబెట్టిన రేషను అది. 1868 సంధి పిమ్మట జనులు స్వస్థలమునకు మరలిరి. కాఫీయు వారి వెంట వచ్చినది.

నా మనసు దోచినది మాత్రము ఆ నేలలోనే మొలచునది. వృక్షశాస్త్రజ్ఞులు థెలెస్పెర్మా యను ఈ మొక్క పొద్దుతిరుగుడు కుటుంబములోనిదే యైనను, దాని పూవు తరచు రేకులు లేని పసుపు గుండీ; ఆకులు దారపుపోగులంత సన్నములు. వేసవిలో అమ్మమ్మ పుప్పొడి చల్లి ప్రార్థించి, వేళ్లను పెకలింపక, కొన్నింటిని విత్తనమునకు విడిచి కోయును. పచ్చికాడలను గుప్పెడు తీసికొని, మడతపై మడత పెట్టి, అందులోని యొక కాడతోనే నడుము బిగించి యెండబెట్టును. ఆ కట్ట విప్పకయే మరుగునీట పడును. నీరు మొదట లేతపసుపై, క్రమముగా రాగివన్నెకు దిగును.

పట్టణమునుండి వచ్చిన మనుమరాలు కప్పు నందుకొని, "అమ్మమ్మా, చక్కెర ఏది?" అనెను.

"ముందు వట్టిది త్రాగు తల్లీ, ఆపై నీ యిష్టము."

ఆమె ఊదుకొని గ్రుక్కెడు మ్రింగెను. కాఫీ చేదు లేదు, తేయాకు వగరు లేదు. ఎండుగడ్డి వాసనతో లోనికి దిగి, దిగిన పిమ్మట నాలుక యంచున సన్నని తీపి నిలుచును. చక్కెర పడినచో ఆ తీపి అంతర్ధానమగును. ఈ విషయమున నాది మొండిపట్టు. కాఫీలోని ఉత్తేజకము దీనిలో లేదు గావున వృద్ధులు రాత్రి త్రాగియు సుఖముగా నిదురింతురు. కడుపునకును మూత్రపిండములకును మేలని యింట చెప్పుకొందురు. కాచుటయే నా వంతు, వైద్యము కాదు.

కట్టలన్నియు నాకే దక్కవు. కొన్నింటిని మూలనున్న పెద్దకుండ మ్రింగును. పటికనీట నానిన ఉన్నినూలు అందులో గంటలతరబడి యుడికి నారింజవన్నె దేలి, మగ్గమెక్కును. రంగులు కాచిన పాత్రలో త్రాగునవి కాచరాదు. అందుచే ఆ కుండకు నాపై నసూయ.