వన్స్ మోర్ అనొద్దు, నాటకం జరుగుతోంది

తిరుపతిలో ఏ పాత పద్యనాటకానికైనా మళ్లీ ముఖానికి రంగేసి వేదికెక్కించినప్పుడల్లా మర్నాడు రెండు ఫిర్యాదులు వినబడతాయి. జనం రాలేదన్నది మొదటిది. వచ్చిన జనానికి నాటకం చూడ్డం రాదన్నది రెండోది. రానివాళ్లకు అభిరుచి లేదు, వచ్చినవాళ్లకు సంస్కారం లేదు. ఇక మిగిలింది ముందు వరుస సోఫాలు. ఆ సోఫాల కోసమే జ్యోతి వెలుగుతుంది, శాలువాలు విచ్చుకుంటాయి, మెమెంటోలు చేతులు మారతాయి. హస్తినకు రాయబారం పోవాల్సిన కృష్ణుడు కిరీటం బరువుకు మెడ పట్టేసి తెర వెనక స్టూలు మీద కూర్చునుంటాడు. యుద్ధం ఆగినా ఆగుతుంది గానీ ముఖ్య అతిథి ప్రసంగం ఆగదు. ఆయన ‘ఇక ముగిస్తాను’ అన్నప్పుడు పడే చప్పట్లే ఆ రాత్రి హాల్లో నిజాయితీ గల చప్పట్లు. వాటిని తమ ఖాతాలో రాసుకునే నిర్వాహకులు, తర్వాత వెనక వరుసలోంచి ఎవరో ‘వన్స్ మోర్’ అని కేకేస్తే మాత్రం మొహం చిట్లిస్తారు. క్లాసిక్ కదా, కాస్త గౌరవంగా చూడాలంటారు. ఈ గౌరవమే నాటకానికి పట్టిన జబ్బని నా వాదన. మన వైపు నాటకాన్ని బతికించింది దాన్ని నోరు మూసుకుని చూసినవాళ్లు కాదు, దాంట్లో వేలు పెట్టినవాళ్లు.

సాక్ష్యం కోసం దూరం పోనక్కర్లేదు. ఎండాకాలంలో పుత్తూరు, నగరి, పలమనేరు వైపు ఏ ధర్మరాజుల గుడి దగ్గరికి పోయినా చాలు. పద్దెనిమిది రోజుల భారతం. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. కథేమీ కొత్తది కాదు, ఎవరు గెలుస్తారో పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా చీకటి పడకముందే భారతం మిట్ట మీద చాపలు పరుచుకుంటాయి. బకాసుర వధ నాడు భీముడు వేదిక మీద బుద్ధిగా కూర్చుని తినడు. బండెక్కి ఊరేగుతాడు, ఆ పూటకు ఊరే ఏకచక్రపురం. అర్జున తపస్సు నాడు వేషధారి పద్యాలు పాడుకుంటూ తపస్సు మాను ఒక్కో మెట్టే ఎక్కుతాడు. కింద పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో సాష్టాంగపడి ఉంటారు, పైనుంచి అతను విసిరే పండు కోసం కొంగులు పడతారు. దుర్యోధన వధ నాడు మట్టి దుర్యోధనుడు మైదానం నిండా వెల్లకిలా పడుంటాడు. భీముడు తొడ మీద కొడితే ఎర్రనీళ్లు చిమ్ముతాయి, ద్రౌపది విరబోసుకున్న జుట్టు ముడేసుకుంటుంది, పొద్దు గుంకాక జనం నిప్పులు తొక్కుతారు. నాటకోత్సవాల న్యాయనిర్ణేతలు ఆహార్యానికి ఇన్ని మార్కులు, వాచికానికి ఇన్ని మార్కులు అని పట్టిక వేస్తారు కదా, నిప్పుల గుండంలో నడిచిన ప్రేక్షకుడికి ఎన్ని వేస్తారో అడగాలి.

వాళ్లు భక్తులు, ప్రేక్షకులు కారు, అది మొక్కు, ఇది కళ అని పండితులు ఇక్కడ అడ్డు తగులుతారు. బాగానే ఉంది, ఆ గీత ఎక్కడ గీయాలో కూడా వారే చూపిస్తే మేలు. ఒకప్పుడు తిరుమలలో దర్శనం చేసుకున్న యాత్రికుల బస్సులు నేరుగా మద్రాసు పోయి ఎన్టీఆర్ ఇంటి ముందు ఆగేవి. కొండమీద గంటలకొద్దీ నిలబడితే క్షణం కనిపించి ఊరుకునే దేవుడు, అక్కడ గుమ్మంలోకొచ్చి పలకరిస్తాడు మరి. ఆ బస్సుల్లో ఉన్నవాళ్లను భక్తుల్లో వేయాలా, ప్రేక్షకుల్లో వేయాలా? మాను మీది అర్జునుడు నిన్న మధ్యాహ్నం టీ అంగడి బెంచీ మీద కూర్చున్నాడన్న సంగతి కింద పడుకున్నామెకు తెలియదనుకోవడం చదువుకున్నవాళ్ల అమాయకత్వం. ఆమె తెలిసే పడుకుంది. వేషమని తెలిసి కూడా వేషానికి లొంగిపోవడం గురించే కదా ఆలంకారికులు రసమని పేరు పెట్టి గ్రంథాలకు గ్రంథాలు రాసింది.

ఇక వన్స్ మోర్ సంగతి. తెలుగు నాటకంలో పాటలూ పద్యాలూ పెట్టి జనం నాలుకల మీదికి తెచ్చినవారిలో ముందువరస వాడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు, బళ్లారిలో సరసవినోదినీ సభ నడిపినాయన. (పాండవోద్యోగ విజయాలు రాసిన తిరుపతి వేంకట కవుల పేరు చూసి మన ఊరివాళ్లని మురిసిపోయేవాళ్లు కాస్త సర్దుకోవాలి. అందులోని తిరుపతి ఊరు కాదు, దివాకర్ల తిరుపతి శాస్త్రి, భీమవరం వైపు మనిషి.) ఆ పద్యాల మీద మోజు ఎంత పెరిగిందంటే ఒకే రాత్రి, ఒకే కురుక్షేత్రంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు దిగడం మొదలైంది. వాల్‌పోస్టరు మీద ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని వరసగా ఫొటోలు. ఇది అవతారాల లెక్క కాదు, గొంతుల లెక్క. దీనికి అభ్యంతరం చెప్పినవాళ్లు చిన్నవాళ్లేమీ కాదు. బళ్లారి రాఘవ అంతటివాడికే రాగాల సాగదీత గిట్టేది కాదు. సీను మధ్యలో పద్యం మళ్లీ పాడిస్తే రసభంగమంటారు, చచ్చిన పాత్ర లేచి పద్యం మళ్లీ పాడి మళ్లీ చచ్చిందని హాస్యమాడతారు. నిజమే, నవ్వొస్తుంది. కానీ రాయబారం ఫలించదని హాల్లో అందరికీ తెలుసు, కృష్ణుడికి అందరికంటే ముందే తెలుసు. ఏం జరుగుతుందోనన్న ఆత్రం ఎవరికీ లేదు, ఎట్లా చెబుతాడోనన్న ఆత్రమే అంతా. కచేరీలో విద్వాంసుడు పల్లవిని అరగంట తిప్పితే మనోధర్మం. నాటకంలో రైతు పద్యాన్ని రెండోసారి అడిగితే అనాగరికం. ఈ ధర్మసూక్ష్మం ఏ శాస్త్రంలో ఉందో తెలిస్తే బాగుండు.

జనం అడిగినట్టల్లా ఆడితే మూలం ఏమైపోవాలన్నది ఇంకో బెంగ. మూలం సంగతే చూద్దాం. బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను రాగానే హాలు ఊగిపోతుంది. అప్పుడు హరిశ్చంద్రుడు పాడే పద్యాల్లో పేరు మోసినవి కొన్ని బలిజేపల్లి రాసినవే కావు. శ్మశానం మీద జాషువా రాసిన ఖండికలోంచి నటులు తెచ్చి కలిపినవి. ఎవరూ తీర్మానం చేయలేదు, ఏ అకాడమీ అనుమతీ తీసుకోలేదు. జనం వన్స్ మోర్ అన్నారు, అవి నాటకంలో ఉండిపోయాయి. ఊళ్లో పంక్తిలో పక్కన కూర్చోబెట్టుకోని కాలం, కాటిలో మాత్రం జాషువాకు పెద్దపీట వేసిందన్నమాట. మూలానికి కట్టుబడతామని ఆ పద్యాలు తీసేసి ఆడి చూడండి, టికెట్టు లేని నాటకానికి కూడా డబ్బు వెనక్కిమ్మంటారు. గురజాడ కూడా 1892లో విజయనగరంలో ఆడించి, 1897లో అచ్చేసిన కన్యాశుల్కాన్ని 1909 నాటికి తిరగరాసి పెంచాడు. అప్పట్నుంచి ఆడేవాళ్లంతా దాన్ని కత్తిరిస్తూనే ఉన్నారు. లండన్‌లో షేక్‌స్పియర్ గ్లోబు నాటకశాలను 1997లో మళ్లీ కట్టి తెరిచినప్పుడు కుర్చీలు లేని ముంగిలిని కూడా పట్టుబట్టి పెట్టారు, అక్కడ నిలబడి చూసేందుకు అప్పట్లో ఐదు పౌండ్ల టికెట్టు. నటుడు కళ్లలో కళ్లు పెట్టి మాట్లాడేది ఆ నిలబడ్డవాళ్లతోనే. మన భారతం మిట్ట మీద ఆ సౌకర్యం ఉచితం. అందుకే కాబోలు మనకు దాని మీద గౌరవం లేదు.

నా వాదనకు అసలు దెబ్బ తగిలేది చింతామణి దగ్గర, దాచడం దేనికి. కాళ్లకూరి నారాయణరావు వందేళ్ల కింద వేశ్యావ్యసనం మీద రాసిన సంస్కరణ నాటకమది. కామం తలకెక్కిన బిల్వమంగళుడు చివరికి కృష్ణుడి దారి పట్టే కథ. అందులో సుబ్బిశెట్టి నవ్వించడానికి వచ్చిన పాత్ర. ఈలలు పడ్డకొద్దీ అతను లావయ్యాడు, బూతు చేరింది, ఊరూరా తిరిగేసరికి భక్తి బక్కచిక్కి సుబ్బిశెట్టి ఒక్కడే నాటకమయ్యాడు. జనం వేలు పెడితే ఇదీ జరుగుతుంది. ఒక కులాన్ని వేదిక మీద నిలబెట్టి రాత్రంతా వెక్కిరిస్తే ఆర్యవైశ్యులకు కోపం రావడం న్యాయమే. అయితే 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేసిన వైద్యం నాటక ప్రదర్శనను మొత్తంగా నిషేధించడం. పంటినొప్పికి తల తీసేశారు. డబ్లిన్‌లో 1907 జనవరిలో ఐరిష్ నాటకకర్త సింజ్ రాసిన నాటకం చూసి తమ దేశస్తులను అవమానించాడని జనం హాల్లోనే గోల చేశారు. పోలీసులను పెట్టుకుని మరీ ఆ వారమంతా నాటకం ఆడారు, తర్వాత అదే హాల్లో తిట్టినవాళ్లనూ మెచ్చినవాళ్లనూ పిలిచి వాదన పెట్టారు. అరిచి ఆక్షేపించడం కూడా చూడ్డంలో భాగమేనని వాళ్లు ఒప్పుకున్నారు. మనకు ఆ తెలివి లేదనుకోను. తిరుపతి గంగమ్మ జాతరలో వేషమేసినవాడు నోరారా తిడితే అది అమ్మవారికి ప్రీతి. కానీ ఆ తిట్టుకొక వేషముంది, వారం రోజుల గడువుంది, పెద్దా చిన్నా తేడా లేకుండా అందరికీ సమంగా తగులుతుంది. ఎవరూ జీవో ఇవ్వకుండానే ఊరు గీసుకున్న హద్దది. చింతామణి ఆడే చోట ఆ హద్దు గీయాల్సింది ముందు కూర్చున్నవాళ్లే. ‘చాల్లే, దిగు’ అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. కానీ పెద్దమనుషులు అప్పటికే ఇది మా స్థాయి కాదని ఇంటికి పోయారు, మిగిలినవాళ్లకు ఈలలొక్కటే వచ్చు.

నిషేధం వల్ల సుబ్బిశెట్టికి మాత్రం ఏ నష్టమూ రాలేదు. చింతామణినీ బిల్వమంగళుణ్ణీ కృష్ణుణ్ణీ వేదిక దగ్గరే వదిలేసి, తన ముక్కలు తాను మూటగట్టుకుని యూట్యూబులోకి కాపురం మార్చాడు. అక్కడ జ్యోతి ప్రజ్వలన లేదు, ముఖ్య అతిథి లేడు. వన్స్ మోర్ అని అరిచే శ్రమ కూడా లేదు, దుప్పట్లో పడుకుని బొటనవేలితో కాస్త వెనక్కి లాగితే చాలు.