కరెంటుందా?

నేను టెస్టర్‌ని. జానెడు కూడా ఉండను. ముందు ఇనుప మొన, ప్లాస్టిక్ పిడిలో రెసిస్టరు, చిన్న నియాన్ బల్బు, స్ప్రింగు, తలమీద వేలు ఆనించే బిళ్ళ. సూర్యాపేటలో వైరింగు పని చేసే ఒక అన్న చొక్కా జేబే నా ఇల్లు. పుట్టినప్పటి నుంచి నేను విన్న ప్రశ్న ఒక్కటే: "కరెంటుందా?" ఉంటే నారింజ రంగులో వెలుగుతాను. ఆ మాటకు అర్థం నేనేనని చాలాకాలం నమ్మాను.

ఒకరోజు సూర్యాపేటలోనే ఒక ఇంట్లో బోర్డు విప్పుకుని కూర్చున్నాం. గ్రూప్స్‌కు చదువుకుంటున్న ఆ ఇంటి అమ్మాయి, "ఇంకెంత సేపన్నా? కరెంట్ అఫైర్స్ చదువుకోవాలె" అంది. ఆమె పుస్తకంలో తీగల్లేవు, ఫ్యూజుల్లేవు. అన్నీ ఈనాటి సంగతులే.

మరోసారి మిర్యాలగూడ రైసుమిల్లుకు వెళ్తే, వడ్ల డబ్బు కరెంటు అకౌంటులో పడిందని గుమాస్తా ఫోనులో చెబుతున్నాడు. వ్యాపారం సొమ్ము రోజంతా వచ్చిపోయే ఖాతా అది. ఆ ఊరికి రైలుంది. రైల్వేవాళ్లకు కరెంట్ బుకింగ్ అంటే చార్టు తయారయ్యాక మిగిలిన సీట్లు ఇవ్వడం.

ఇన్ని అర్థాలకూ తల్లి ఒక్కతే. లాటిన్‌లో 'కుర్రెరె' అంటే పరుగెత్తడం. నడుస్తున్న కాలం, చేతులు మారే సొమ్ము, తీగలో విద్యుత్తు, ఏటిలో నీటి వడి, అన్నీ పరుగులే. జర్మన్లకు 'స్ట్రోమ్' అంటే మహానది, విద్యుత్తు కూడా. మన పెద్దలు మాత్రం ఆకాశం వైపు చూశారు. విద్యుత్తు అన్నా, హిందీ బిజ్లీ అన్నా మెరుపే. ఆ మెరుపును మనం రాతలో ఉంచుకుని, నోటికి కరెంటు తెచ్చుకున్నాం. కానీ ఆ మాటలోని ఏరు మన ఊళ్లదాకా రాలేదు. కాలువ గట్టున నిలబడి, నీటి వడిని కరెంటు అనే రైతు నాకెక్కడా కనబడలేదు.

కోదాడ దగ్గర పల్లెలో ఒక తాత ఇంట్లో బల్బు వెలగలేదు. అన్న నన్ను హోల్డరులో పెట్టాడు. వెలిగాను.

"నీ దాంట్ల కరెంటున్నది, నా బల్బుల లేదా?" అన్నాడు తాత.

"ఫేజు వస్తున్నది తాతా. న్యూట్రల్ తెగింది. పారడానికి తోవ లేదు."

తాత కాసేపు ఆలోచించాడు. "తూము మూసిన కాల్వ లెక్కనన్నట్టు. నిండ నీళ్లున్నయి, పారుతలెవ్వు."

ఆయన మడి తడిసేది నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ డ్యాము దగ్గర 815.6 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉంది. అక్కడ కృష్ణ దిగుతూ కరెంటును పుట్టిస్తుంది. అవసరమైతే అదే కరెంటు ఏడు యంత్రాలను తిరగేసి నడిపి, నీళ్లను మళ్లీ పైకి ఎక్కిస్తుంది. ఆ కాలువ కింద బతికిన తాత, ఇంగ్లీషు అక్షరం తెలియకుండానే, ఆ మాటలో తప్పిపోయిన నదిని ఒక్క తూముతో వెతికి తెచ్చాడు.

ఆరోజే నా వెలుగు సంగతి కూడా నాకు తెలిసింది. తీగకు తగిలినంత మాత్రాన నేను వెలగను. బిళ్ళ మీద వేలు పడాలి. అప్పుడు రెసిస్టరు పట్టి ఆపగా మిగిలిన పిసరంత కరెంటు నాలోంచి, అన్న ఒంట్లోంచి నేలలోకి పారుతుంది. మిల్లీ ఆంపియరుకు ఎంతో తక్కువైన ఆ పిసరే నా వెలుగంతా.

పరదేశపు మాట కూడా అంతే. ఎవరో ఒకరు తమ నేల మీద నిలబడి వేలు ఆనించాలి. కోదాడలో తాత ఆనించాడు.