కార్నరొకటె మిగిలె: టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

కార్నరొకటె మిగిలె కడపటిదిది సారు
నిన్న నొకడు వచ్చి నిలిచి యడిగె
రేటు పెరుగు రేపు రెండు గంటలకెల్ల
బుక్కు సేయుమయ్య పుణ్యముండు

సందర్భం: హైదరాబాదు హైటెక్స్‌లో జరగబోయే యంత్రాల ప్రదర్శనకు స్టాళ్లు అమ్మే మేనేజరు ఫోనులో చేసిన విన్నపం. ఇతను తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, మరాఠీ, ఇంగ్లీషు వచ్చిన షడ్భాషా కోవిదుడు.

ప్రతిపదార్థం: కార్నరు = రెండు పక్కలా తెరిచి ఉండి, అందుకు అదనపు రుసుము గల మూల స్టాలు; ఒకటె = ఒకటి మాత్రమే (ఫ్లోర్ ప్లాన్ చూడకూడదని ధ్వని); నిన్న నొకడు = ఈ ఒకడెవరో పూర్వ వ్యాఖ్యాతలు తేల్చలేదు, నేనూ తేల్చను; రెండు గంటలకెల్ల = ముందు కట్టినవారికి ఇచ్చే రాయితీ గడువు, ఇంతకుముందు రెండుసార్లు పొడిగించినది; పుణ్యము = ఇక్కడ ఇన్సెంటివ్.

తాత్పర్యం: డబ్బు పంపండి.

విశేషాలు: స్టాలు అనగా మామూలుగా మూడు మీటర్లకు మూడు, అంటే 9 చదరపు మీటర్ల చోటు. అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, కొన్ని దీపాలు, ఒక ప్లగ్గు, ఒక చెత్తబుట్ట. పైన 18 శాతం జీఎస్టీ. వట్టి నేల కొనేవారికి ఈ సామానేదీ రాదు, నేలే వస్తుంది. కొన్ని హాళ్లలో స్టాలు నడుమ స్తంభం ఉంటుంది. ప్లానులో అది చిన్న చుక్క. ప్రారంభం రోజున దాన్ని చూసిన ఎగ్జిబిటరే నరసింహావతారం ఎత్తుతాడు.

ఈ పద్యానికి జవాబుగా వచ్చే మాట ఒక్కటే: “చూద్దాం.” వ్యాకరణం ప్రకారం ఇది ఉత్తమ పురుష బహువచనం, ప్రయోగంలో వ్యతిరేకార్థకం. మీరూ నేనూ కలిసి చూద్దామని అర్థం వస్తుంది గాని, ఆ తర్వాత ఫోను వంక చూసేది మేనేజరు ఒక్కడే. కోయంబత్తూరు పంపుల వారు “పాక్కలాం” అంటారు. బెంగళూరు పీణ్య కార్ఖానా వారు “నోడోణ” అంటారు. పుణె వారిది “బఘూయా”. లూధియానా వారు “దేఖ్‌తే హైం” అని వర్తమానంలో చెబుతారు కనుక, ఇప్పుడే చూస్తున్నారు కాబోలునని అమాయకుడు ఆశపడతాడు. ఒక్క తిరస్కారాన్ని ఇన్ని యాసల్లో గుర్తుపట్టడానికే కదా పాపం ఇతనికి ఆరు భాషలు!

నాంపల్లి నుమాయిష్‌లో శాలువాలమ్మే కశ్మీరీలకు ఈ బాధ తక్కువ. 1938లో మొదలైన ఆ సంతలో కొనేవాడు ఎదురుగానే నిలబడి బేరమాడతాడు, “చూద్దాం” అన్నా రెండడుగులేసి వెనక్కి తిరుగుతాడు. హాలు అద్దె ముందే కట్టి, కనిపించని చోటును కనిపించని మనిషికి అమ్మే విద్య వేరు.

యతి: కా–క, ని–ని, రే–రె, బు–పు చెల్లాయి. చెక్కు చెల్లినదీ లేనిదీ బ్యాంకు చెప్పాలి.

అలంకారం: మొదటి పాదం అతిశయోక్తి అని కొందరు. స్వభావోక్తి అని నా పక్షం. ప్రదర్శన చివరి సాయంత్రం, వడ్రంగులు ప్యానెళ్లు ఊడదీస్తుండగా, ఇతను వచ్చే ఏడాది ప్లాను చంకన పెట్టుకుని మొదటి స్టాలు దగ్గర ఆగుతాడు. ఆ ప్లానులో ఇంకా ఒక్క గడికీ అమ్ముడైన రంగు పడలేదు. “కార్నరొకటె మిగిలె…” అని అందుకుంటాడు.