దేశం దాటనివ్వని పెట్టె

మీ పద్యనాటకాల హార్మోనియం నాకు దాయాది. ఇద్దరమూ గాలి తిని బతికేవాళ్లమే, ఇద్దరి పొట్టలోనూ లోహపు రీడ్లే. ఇద్దరమూ యూరప్‌లో పుట్టి, ఇంకెక్కడో ఇల్లు కట్టుకున్నాం. తను పారిస్‌లో బయల్దేరి మీ సురభి నాటకాల దాకా వచ్చింది. మీ రాగాలకు పనికిరాదని 1940లో ఆలిండియా రేడియో తనను గుమ్మం బయటే నిలబెట్టిందట. మళ్లీ లోపలికి రానివ్వడానికి ముప్ఫయ్యేళ్లు పట్టింది. నా గొడవ దీనికి సరిగ్గా తలకిందులు. నన్ను బయటికి పోనివ్వరు.

నా పేరు బాండోనియాన్. రెండు చేతుల మధ్య సాగదీసి మూసే పెట్టెను. నడుమ మడతలు మడతలుగా అట్ట తిత్తి, కుడిచేతికి 38 మీటలు, ఎడమచేతికి 33. తిత్తి తెరిచేటప్పుడు ఒక మీట ఒక స్వరం పలికితే, మూసేటప్పుడు అదే మీట వేరే స్వరం పలుకుతుంది. మీటల వరసలో ఒక పద్ధతంటూ ఉండదు. నన్ను నేర్చుకునేవాడు నాలుగు మెట్ల వరసలు విడివిడిగా బట్టీ పట్టాలి. నేనేమీ గర్వంగా చెప్పుకోవడం లేదు, నా దగ్గర కూర్చుని ఏడ్చిన పిల్లలు నాకు గుర్తున్నారు.

1840ల్లో జర్మనీలోని క్రెఫెల్డ్ ఊళ్లో వాద్యాలు అమ్ముకునే హైన్రిష్ బాండ్ పేరే నాకు పెట్టారు. నేను తయారైంది మాత్రం సాక్సనీ కొండల్లోని కార్ల్స్‌ఫెల్డ్‌లో, ఆల్ఫ్రెడ్ ఆర్నల్డ్ కర్మాగారంలో. అక్కడ ఈ పని మొదలుపెట్టిన జిమ్మర్‌మన్ 1860ల్లోనే కొట్టు ఆర్నల్డ్ వాళ్ల నాన్నకు అమ్మేసి, తను అమెరికాలో ఫిలడెల్ఫియా చేరుకున్నాడు. వలస మా పుట్టింటి అలవాటే. గని కార్మికులు సంఘాలు కట్టుకుని సాయంత్రాలు వాయించుకున్న జాతి మాది. అలాంటిది, నన్ను పెట్టెలో సర్ది, 1920ల చివర ఓడెక్కించి అర్జెంటీనాలోని బోనస్ ఐరిస్ పంపారు. వేల సంఖ్యలో వెళ్లాం అలా. మాలో ఎక్కువమందికి జర్మన్ మాటలు మర్చిపోవడానికి ఏడాది కూడా పట్టలేదు.

ఆ దేశం మనుషుల్ని పిలిచి మరీ తెచ్చుకుంది. 1853 రాజ్యాంగం పీఠికలోనే, ఈ నేల మీద బతకదలచిన ప్రపంచ జనులందరికీ స్వాగతమని రాసుకుంది. లోపలి పేజీల్లో మాత్రం ప్రభుత్వం ప్రోత్సహించాల్సింది యూరప్ వలసనని ముడివేసింది. పీఠికలు ఎప్పుడూ ఉదారంగానే ఉంటాయి లెండి. 1914 జనాభా లెక్కల్లో దేశంలో దాదాపు ప్రతి పదిమందిలో ముగ్గురు పరదేశంలో పుట్టినవాళ్లు, బోనస్ ఐరిస్ నగరంలోనైతే సగానికి సగం. రేవు పక్కన 1911లో తెరిచిన వలసదారుల హోటల్లో ఐదు రోజులు కూడూ గూడూ ఉచితం. ఆరో రోజు నుంచి ఎవడి తిప్పలు వాడివి. ఒక్కో గదికి ఒక్కో కుటుంబం, అందరికీ కలిపి ఒకే నడవా ఉన్న అద్దె లోగిళ్లలో జెనోవావాడూ, గలీసియావాడూ, పోలండు యూదుడూ పక్కపక్కన పడుకునేవారు. నోరెత్తి సమ్మె చేసే పరదేశిని పడవెక్కించి పంపేయడానికి 1902లోనే చట్టం సిద్ధంగా ఉంది.

టాంగో అనే ఆటాపాటా పుట్టింది ఇలాంటి లోగిళ్లలో, రేవు పేటల్లో. ఇటలీవాళ్లు ఇది తమదంటారు, స్పెయిన్‌వాళ్లూ అంటారు. నల్లవాళ్లను ఎవరూ అడగరు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల డప్పుల లయ దీని ఎముకల్లో ఉంది. 1890ల్లోనే పేరుకెక్కిన 'ఎల్ ఎంత్రెరియానో' కట్టిన రొసెండో మెండిసాబల్ నల్లవాడు. నా జాతిని అక్కడ మొదట వాయించినవాళ్లలో ఒకడైన సెబస్టియాన్ రామోస్ మెహీయా కూడా నల్లవాడే. దేశం తనను తాను తెల్లగా చూపించుకోవాలని కంగారుపడిన కాలంలో ఈ పేర్లు చప్పుడు లేకుండా వెనక్కి జరిగాయి.

ఊరి పెద్దలకు టాంగో అంటే చిన్నతనం. ఇక్కడే ఓ తమాషా జరిగింది. రిపేరు కొట్టులో నాకన్నా ముందు వచ్చిన అక్కలు చెప్పగా విన్నాను. 1913 నాటికి పారిస్‌లో టాంగో జ్వరం పట్టుకుంది. టాంగో గౌన్లు, టాంగో టీ పార్టీలు, టాంగో రంగు. అప్పట్లో డబ్బున్నవాణ్ణి ఫ్రెంచివాళ్లు అర్జెంటీనావాడితో పోల్చేవారు. గోధుమలూ మాంసమూ అమ్మి అంత సంపాదించారు ఆ ఎస్టేటు దొరలు. పారిస్‌లోని అర్జెంటీనా దౌత్యాధికారి ఎన్రికే లారెటాకు తల కొట్టేసినట్టయింది. టాంగో మా ఊళ్లో మర్యాదస్థుల ఇళ్లలో ఆడరనీ, అది చెడ్డ కొంపల నాట్యమనీ ఆయన అందరికీ చెప్పుకొచ్చాడు. అదే ఏడు జర్మనీలో కైజర్ తన అధికారులు యూనిఫారంలో టాంగో ఆడకూడదని ఆజ్ఞ వేశాడు. నా పుట్టింటాయన నా మెట్టినింటి నాట్యాన్ని నిషేధించాడన్నమాట! పారిస్ మెచ్చాక మాత్రం బోనస్ ఐరిస్ దొరసానులకు టాంగో ఉన్నట్టుండి సంస్కారంలా కనబడింది. ఇంట్లో పిల్లకు ఊరవతల బిరుదిస్తే గానీ కుర్చీ వేయని ఇళ్లు మీకూ తెలిసే ఉంటాయి.

నన్ను కొన్నది కలాబ్రియా నుంచి తల్లి చంకనెక్కి వచ్చిన కుర్రాడు. పగలు రేవులో బస్తాలు మోసేవాడు, నన్ను వాయిదాల మీద తీసుకున్నాడు. మూడేళ్లు పేట క్లబ్బులో వాయించి అప్పు తీర్చాడు. 1930ల చివరి నుంచి 1950ల నడిమి దాకా మాకు పండగే. రేడియోలో దరియెన్సో, పుల్యేసే, ట్రోయిలోల టాంగో దళాలు. నాలుగు బాండోనియాన్లు, నాలుగు వయొలిన్లు, ఒక పియానో, ఒక బాస్ కలిపి ఒక్కో దళం. అనిబాల్ ట్రోయిలో కళ్లు మూసుకుని వాయిస్తుంటే మా కుర్రాడు చూస్తూ నిలబడిపోయేవాడు. నేను వాడి భుజాన వేలాడుతూ అసూయపడేదాన్ని. ట్రోయిలో పుట్టిన జులై 11నే ఇప్పుడు అర్జెంటీనాలో మా పండగ రోజు.

గార్డెల్ గురించి చెప్పకుండా ఈ కథ కదలదు. కార్లోస్ గార్డెల్ దేశమంతటికీ గొంతు. మరి ఆయనది ఏ దేశం? ఫ్రాన్స్‌లోని టులూస్‌లో 1890లో పుట్టినట్టు జనన పత్రం ఉంది. ఆయనేమో 1920లో తాను ఉరుగ్వేలోని తక్వారెంబోలో పుట్టానని కాగితం రాయించుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యానికి హాజరు కాలేదన్న తంటా తప్పించుకోవడానికేనని చాలామంది పరిశోధకుల మాట. 1923లో అర్జెంటీనా పౌరసత్వం తీసుకున్నాడు. తిరిగి రావడం గురించి ఆయన పాడిన పాటకు మాటలు రాసిన ఆల్ఫ్రెడో లె పెరా బ్రెజిల్‌లో ఇటలీ దంపతులకు పుట్టినవాడు. 1935 జూన్ 24న కొలంబియాలోని మెదెయిన్‌లో విమాన ప్రమాదం ఇద్దర్నీ ఒకేసారి తీసుకుపోయింది. ఆ కచేరీ యాత్రకు న్యూయార్క్ నుంచి ఒక పిల్లవాణ్ణి కూడా గార్డెల్ రమ్మన్నాడు. చిన్నవాడని వాళ్ల నాన్న పంపలేదు. ఆ పిల్లవాడే ఆస్టర్ పియాసోలా. అమెరికాలో పెరిగిన ఇటలీ సంతతి అర్జెంటీనావాడు. అంతకుముందే గార్డెల్ సినిమాలో పేపర్లు అమ్మే కుర్రాడిగా కనిపించాడు. పెద్దయ్యాక మా టాంగోను పాశ్చాత్య శాస్త్రీయ సంగీతపు ఫ్యూగ్‌తో, జాజ్‌తో కలిపి, ముసలి అభిమానులతో తిట్లు తిన్నాడు. మా కుర్రాడూ తిట్టాడు. అప్పటికి వాడూ ముసలివాడే.

తర్వాత రాక్ పాటలొచ్చాయి, క్లబ్బులు మూతబడ్డాయి, నన్ను బీరువా పైకెక్కించారు. అటు కార్ల్స్‌ఫెల్డ్‌లో 1948లో మా కర్మాగారాన్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది, ఆ తర్వాత అక్కడ డీజిల్ పంపుల భాగాలు తయారయ్యాయి. నాలాంటివాళ్లు ఇక పుట్టరు. బీరువా మీద నుంచే 1976 సైనిక పాలన చూశాను. కింద గదిలో రేడియో గట్టిగా పెట్టి మాట్లాడుకునేవాళ్లు. రెండేళ్లకు ప్రపంచ కప్ ఫుట్‌బాల్ జరిపి, తమ దేశం ఎంత సుఖంగా ఉందో ప్రపంచానికి చూపించుకున్నారు సైనికాధికారులు. చావు తప్పించుకుని పారిస్ చేరినవాళ్లు అక్కడ మా పాటే పట్టుకున్నారు. 1983లో సైన్యం దిగిపోయిన ఏడాదే 'టాంగో అర్జెంటీనో' ప్రదర్శన పారిస్‌లో మొదలై, రెండేళ్లకు బ్రాడ్‌వే ఎక్కింది. జనరళ్లు పాడుచేసిన పేరును డాన్సర్లు కడిగిపెట్టారు. దౌత్య కార్యాలయాలు ఈసారి సిగ్గుపడలేదు.

2001 డిసెంబరులో బ్యాంకులు జనం డబ్బును లోపల పెట్టి తాళం వేశాయి. రెండు వారాల్లోపు ఐదుగురు అధ్యక్షులు మారారు. ఇటలీ, స్పెయిన్ కాన్సులేట్ల ముందు తెల్లవారకముందే వరసలు. మీ అమీర్‌పేట కుర్రాళ్లు ఐ20 కాగితాలు పట్టుకు తిరిగినట్టు, వీళ్లు తాతల బాప్టిజం పత్రాలు పట్టుకు తిరిగారు. మా ముసలాయన మనవడూ వాళ్లలో ఒకడు. "తాతా, నీవల్ల నాకు ఇటలీ పాస్‌పోర్టు వచ్చింది," అని సంతోషంగా చూపించాడు. ముసలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "మా అమ్మ దీన్ని వదిలించుకోవడానికే నలభై రోజులు వాంతులు చేసుకుంటూ ఓడలో వచ్చిందిరా," అన్నాడు. ఇద్దరూ ఆ రాత్రి భోంచేయలేదు. మనవడు బార్సిలోనా వెళ్లిపోయాడు.

పెసో పడిపోయేసరికి డాలర్లు, యూరోలు, యెన్‌లతో వచ్చిన యాత్రికులు మా జాతిని సూట్‌కేసుల్లో వేసుకుపోవడం మొదలెట్టారు. చివరికి 2009లో పార్లమెంటు చట్టం చేసింది. నలభయ్యేళ్లు దాటిన బాండోనియాన్ దేశపు వారసత్వ సంపద, దాన్ని బయటికి తరలించకూడదు. టాంగోను యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చిందీ ఆ ఏడే, అర్జెంటీనా, ఉరుగ్వే రెండింటి పేరు మీదా. ముసలాయన పోయాక నన్ను తీసుకెళ్లాలని మనవడు వచ్చాడు. చట్టం సంగతి విని నా పెట్టె మీద చెయ్యి వేసి చాలాసేపు నవ్వాడు. ఇక్కడ పుట్టిన తనేమో ఇటలీ పౌరుడు, జర్మనీలో పుట్టిన నేనేమో అర్జెంటీనా ఆస్తి.

నన్నిప్పుడు వాయిస్తున్నది కరాకస్ నుంచి వచ్చిన అమ్మాయి. వెనెజువెలా చితికిపోయాక బోనస్ ఐరిస్ చేరిన వేలాదిమందిలో ఒకతె. సాన్ తెల్మోలో యాత్రికులకు రాత్రి భోజనంతో పాటు టాంగో వడ్డించే హోటల్లో పని. పాటల మధ్య మాట్లాడొద్దని యజమాని ముందే చెప్పాడు, యాస వల్ల దొరికిపోతుందని. నిన్న ఒక ఫ్రెంచి పెద్దావిడ లేచి వచ్చి, "గార్డెల్ మా టులూస్ పిల్లవాడు, తెలుసా?" అంది. పక్క టేబులు దగ్గరి ఉరుగ్వే ఆయన ఫోర్కు కింద పెట్టి, "తక్వారెంబోలో అడగండి ఆ మాట," అన్నాడు. వంటింట్లోంచి పెరూ వంటాయన కూడా తొంగి చూశాడు. గొంతులు పెరిగాయి. యజమాని పరుగున వచ్చి, "ఏదో ఒకటి వాయించు తల్లీ!" అన్నాడు. అమ్మాయి నన్ను ఒళ్లో సర్దుకుని, నోరు మూసుకోమన్న సంగతి మరిచి, అచ్చమైన కరాకస్ యాసలో అడిగింది: "ఎవరి ఊరి పాట వాయించమంటారు?"