అయిదు సెకన్ల జలపాతం: ఒక ఫిల్మ్ కెమెరా ఆత్మకథ

ఆత్మకథ రాసేవాళ్లంతా ‘నేను’ అని మొదలుపెడతారు. ఈ కెమెరాకు ఆ అలవాటు లేదు. తీసిన ఏ ఫొటోలోనూ తాను కనిపించని బతుకు దానిది. అందుకని తన కథనైనా ఎవరిదో చెప్పినట్టు ‘ఈ కెమెరా’ అనే చెప్పుకుంటుంది.

పేరు నికాన్ ఎఫ్‌ఎం2. పుట్టింది జపాన్‌లో. ఈ మోడల్ 1982లో బజారుకొచ్చింది, 1984లో చిన్నచిన్న మార్పులతో మళ్లీ వచ్చింది. ఇది రెండో బాపతు. ఒళ్లంతా లోహం, లెన్సు తీసేస్తే బరువు 540 గ్రాములు. తేనెపట్టు గళ్ల అచ్చుతో చేసిన టైటానియం షట్టరు రెక్కలు సెకనులో నాలుగువేలో వంతులో తెరుచుకుని మూసుకోగలవు. 1982 నాటికి మరే 35 ఎంఎం ఎస్సెల్లార్‌కీ అంత వేగం లేదు. అడుగున రెండు బొత్తాం బ్యాటరీలు వేస్తారు గానీ అవి వెలుతురు కొలిచే మీటరుకు మాత్రమే. అవి చచ్చిపోయినా షట్టరు పని షట్టరు చేసుకుపోతుంది. కరెంటు లేని అడవుల్లో తిరిగేవాళ్లు ఈ మోడల్‌ను వదలకపోవడానికి అదొక కారణం.

వంశం గొప్ప కూడా కాస్త చెప్పుకోవాలి. 1984లో పెషావర్ దగ్గరి శరణార్థి శిబిరంలో స్టీవ్ మెకర్రీ ‘అఫ్గాన్ అమ్మాయి’ని తీసింది ఈ మోడల్ కెమెరాతోనే, కోడాక్రోమ్ ఫిల్మ్ మీద. మరుసటి ఏడాది జూన్‌లో అది నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రమైంది. అక్కచెల్లెళ్లలో ఒకదానికి లోకమంతా చూసిన ఆ కళ్లు దక్కితే, ఈ కెమెరాకు చాలాకాలం దక్కినవి కరీంనగర్ పెళ్లిపందిళ్లు. దుబాయిలో పనిచేసే బంధువు తెచ్చిస్తే ఒక స్టూడియో ఆయన కొనుక్కున్నాడు. తలంబ్రాలు, అప్పగింతలు, బువ్వబంతి. రీలుకు 36 ఫొటోలు, అందులో సగానికి సగం కళ్లు మూసుకున్న చుట్టాలు. ఆ స్టూడియోకి ఆటోఫోకస్ కెమెరా వచ్చాక ఇది హైదరాబాద్ కోఠిలో పాత కెమెరాల అద్దాల బీరువాలోకి చేరింది.

అక్కడ దాన్ని కొన్నది నిర్మల్‌లో జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్ ఒకాయన. కొనేముందు ఆయన చేసిన పరీక్షలు ఈ కెమెరాకు నచ్చాయి. వెనక తలుపు తెరిచి సెకను, అరసెకను, పావుసెకను స్పీడ్లను ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. రీలు ఎక్కించి లీవరు తిప్పుతూ, ఎడమవైపు రివైండు పిడి కూడా తిరుగుతోందా అని చూశాడు. అది తిరగకపోతే ఫిల్మ్ కొస స్పూలులో పట్టుకోలేదన్నమాట. లెక్క చూపే అంకె మాత్రం 36 దాకా నడుస్తూనే ఉంటుంది; ఇంటికొచ్చి చూస్తే ఒక్క ఫొటో ఉండదు. జలపాతం దాకా నడిచి వెళ్లినవాళ్లకు అంతకంటే పెద్ద దెబ్బ లేదు.

ఇక కుంటాల. ఆదిలాబాద్ జిల్లాలో కడెం నది మీద 147 అడుగుల ఎత్తు నుంచి, అంటే సుమారు 45 మీటర్ల నుంచి దూకుతుంది. తెలంగాణలో ఎత్తయిన జలపాతమని దానికి పేరు. ఫిజిక్స్ మాస్టారు కదా, అక్కడా లెక్కే. అంత ఎత్తు నుంచి అడ్డులేకుండా పడే నీటిచుక్క అడుగుకు చేరేసరికి సెకనుకు దాదాపు 30 మీటర్ల వేగం అందుకుంటుంది. షట్టరు వెయ్యో వంతు సెకను తెరిస్తే ఆ చుక్క కదిలేది 3 సెంటీమీటర్లు. పదిహేనో వంతు తెరిస్తే 2 మీటర్లు. పూర్తి సెకను తెరిచి ఉంచితే చుక్కా లేదు, ధారా లేదు, తెల్లటి పొగ. కుంటాల అంచెలంచెలుగా రాళ్లకు కొట్టుకుంటూ దిగుతుంది కాబట్టి అసలు వేగం అంత ఉండదు. అయినా కంటికి ఒక్కటే అయిన నీరు ఫిల్మ్‌కు ఎన్నిరకాలో ఈ కెమెరాకు తెలిసింది ఆ లెక్కతోనే.

అక్కడ మెట్ల పక్కన మక్కకంకులు కాల్చే పెద్దాయనకు మాత్రం ఈ వ్యవహారం వింతగా ఉండేది.

“ఏం సారూ, పొద్దటి సంది గా పెట్టెల కన్ను పెట్టుకోని కూసున్నరు, ఒక్కటన్న కొట్టిండ్రా?”

“మబ్బు రావాలె తాతా.”

“అందరు ఎండ గావాల్నంటరు, మీరేందో!”

మబ్బు ఎందుకంటే, స్లైడు ఫిల్మ్ మహా పట్టింపు మనిషి. వెలుగునీడల మధ్య తేడా అయిదు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెండింతలు) దాటితే ఓర్చుకోదు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు తెల్లటి నురగకూ తడిసిన నల్లరాతికీ తేడా అంతకుమించి ఉంటుంది. రాయి కనబడాలంటే నీళ్లు తెల్లకాగితం అయిపోతాయి, నీళ్లు దక్కాలంటే రాయి మసి అయిపోతుంది. మబ్బు కమ్మితే రెండూ దక్కుతాయి. వానాకాలం మబ్బులో, 50 ఏఎస్‌ఏ ఫిల్మ్‌తో, ఎఫ్ 16 దగ్గర ఎనిమిదో వంతు సెకను. ఎఫ్ 11 చేస్తే పదిహేనో వంతు. కుంటాలకు నప్పే స్పీడ్లు అవి. నీటి ధార సాగుతుంది, అయినా అందులో బలం కనిపిస్తుంది.

ఈ కెమెరా తన మీటరు సంగతి దాచుకోదు. వ్యూఫైండరులో ప్లస్, సున్నా, మైనస్ అని మూడు ఎర్రదీపాలు వెలుగుతాయి. ఆ మీటరుకు లోకమంతా బూడిదరంగే. దేన్ని చూపించినా నడిమి బూడిదగా మార్చేందుకే లెక్క చెబుతుంది. జలపాతం మీదికి తిప్పి అది చెప్పినట్టు వింటే నీళ్లు మురికిపట్టిన పంచెలా వస్తాయి. అందుకే లెక్చరర్ దాన్ని పక్కనున్న ఆకుల మీదికో బూడిదరంగు రాతి మీదికో తిప్పి కొలిచేవాడు. రెండూ అందకపోతే తన అరచేతిని కొలిచి ఒక స్టాపు ఎక్కువ ఇచ్చేవాడు. ఇదే పనిని అమెరికాలో ఫొటోగ్రాఫర్లు యాన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ 1940 ప్రాంతంలో జోన్ సిస్టమ్ పేరుతో పెద్ద శాస్త్రంగా తీర్చిదిద్దారు.

ఆడమ్స్ మొదలైన తీరు మాత్రం శాస్త్రీయమేమీ కాదు. 1916లో, పద్నాలుగేళ్ల వయసులో, యోసెమిటీ లోయకు వెళ్లినప్పుడు తల్లిదండ్రులు ఒక కోడక్ బాక్స్ బ్రౌనీ కొనిచ్చారు. హాఫ్ డోమ్ కొండను తీద్దామని పుచ్చిన చెట్టుమోడు ఎక్కితే అది కాస్తా విరిగింది. తలకిందులుగా పడుతూ మీట నొక్కేశాడు. ఫిల్మ్ కడిగినతను ఆ ఒక్క ఫొటో తిరగబడి ఎందుకుందని అడిగాడట.

మళ్లీ జలపాతాల దగ్గరికొస్తే, నల్లమల అడవిలో మల్లెలతీర్థం కథ కుంటాలకు వేరు. అక్కడ నీరు దుమకదు, సన్నగా జారుతుంది. చుట్టూ చెట్లు, నడిమధ్యాహ్నం కూడా మసక. అదే ఫిల్మ్, అదే ఎఫ్ 16, కానీ సెకను కావాలి. తడి ఆకుల మీద మెరుపు తీసేయడానికి పోలరైజర్ బిగిస్తే అది రెండు స్టాపుల వెలుగు తినేస్తుంది. సెకను కాస్తా నాలుగు సెకన్లవుతుంది. ఈ కెమెరా డయలు మీద సెకనుకు మించి అంకె లేదు. ‘బి’ దగ్గర పెట్టి, కేబుల్ రిలీజ్ నొక్కి పట్టుకుని, ఎడమచేతి హెచ్‌ఎంటీ గడియారంలో సెకన్ల ముల్లును చూడాలి. నాలుగు దగ్గర వదిలేస్తే సరిపోదు. సెకను దాటాక ఫిల్మ్ బద్ధకిస్తుంది. వెలుగు పడుతున్నా దామాషాలో స్పందించదు. రెసిప్రాసిటీ ఫెయిల్యూర్ అంటారు దీన్ని. 1990లో వచ్చిన ఫ్యూజీ వెల్వియాకు నాలుగు సెకన్ల దగ్గర మూడో వంతు స్టాపు అదనంగా ఇవ్వాలి, అంటే అయిదు సెకన్లు. పైగా ఆ ఆలస్యంలో రంగు పచ్చ వైపు ఒరుగుతుంది, దానికి పలచటి మెజెంటా ఫిల్టరు పెట్టమని కంపెనీ సలహా. 64 సెకన్లయితే అసలు వద్దంది. ఉన్న ఆకుపచ్చనే రెండింతలు చేసి చూపించే ఫిల్మ్ అది; అడవి ఫొటోగ్రాఫర్లు ఎగబడి కొన్నారంటే కొనరా మరి!

ఇంకో ఇబ్బంది అద్దంతో. మీట నొక్కగానే లోపలి అద్దం పైకి ఎగిరి టక్కున కొట్టుకుంటుంది. ఆ అదురు పదిహేనో వంతు, ఎనిమిదో వంతు స్పీడ్లలోనే ఎక్కువగా ఫొటోను చెడగొడుతుంది. అయిదు సెకన్లలో అదురు తొలి క్షణంలోనే అణిగిపోతుంది కాబట్టి లెక్కలోకి రాదు. దీనికి ఎఫ్‌ఎం2లో ఒక దొంగదారి ఉంది. సెల్ఫ్ టైమర్ పెడితే అద్దం ముందే లేచి కూర్చుంటుంది. పది సెకన్ల తర్వాత షట్టరు ఒక్కటే నెమ్మదిగా తెరుచుకుంటుంది. తన బొమ్మ తానే తీసుకునేందుకని పెట్టిన మీట అది. లెక్చరర్ దానితో తన ఫొటో ఒక్కటీ తీసుకోలేదు.

పాలనురగ ఫొటోల మీద ఈ కెమెరాకు ఒక అభిప్రాయం ఉంది. క్యాలెండర్లలో ప్రతి జలపాతమూ పట్టుచీర ఆరేసినట్టు ఉండాలని ఎవరు శాసించారో గానీ, దానివల్ల కుంటాలకూ కైలాసకోనకూ తేడా లేకుండా పోయింది. మల్లెలతీర్థానికి అయిదు సెకన్లు తగును. జోగ్‌కు తగదు. కర్ణాటకలో 253 మీటర్ల మీంచి శరావతి నది రాజా, రాణి, రోరర్, రాకెట్ అని నాలుగు పాయలుగా పడుతుంది. రాకెట్ అనే పాయ నిజంగానే ఉండలు ఉండలుగా చిమ్ముతూ దిగుతుంది. దానికి సెకను ఇస్తే రాకెట్టూ లేదు, రాణీ లేదు, నాలుగూ నాలుగు సున్నపు గీతలు. అక్కడ లెక్చరర్ ఎఫ్ 4 దాకా తెరిచి 125వ వంతులో తీశాడు. పొగమంచు క్షణానికోసారి తెర వేస్తుంటే, లెన్సు తుడుచుకోవడంతోనే సగం పొద్దు గడిచింది. 1964లో లింగనమక్కి ఆనకట్ట కట్టాక ఎండాకాలంలో ఆ నాలుగూ సన్నబడిపోతాయి. జోగ్ ప్రయాణం వానల్లోనే పెట్టుకోవాలి.

మాచర్ల దగ్గర ఎత్తిపోతల మాత్రం సోమరులకు అనుకూలం. చంద్రవంక వాగు 70 అడుగులు దూకేది లోయకు అవతల. ఇవతలి గట్టున నిలబడి 105 ఎంఎం లెన్సుతో తీసుకోవచ్చు, కాలు తడవదు.

వానల్లో తిరిగినందుకు శిక్ష కూడా పడింది. రెండు వానాకాలాలు తోలు సంచీలో, బీరువాలో మరిచిపోతే లెన్సులో బూజు పట్టింది. సాలెగూడు పోగుల్లాంటి తెల్లటి తీగలు అద్దం పూత మీద పాకాయి. వెనక తలుపు చుట్టూ ఉండే నురుగు పట్టీ కరిగి జిగురైంది, ఫొటోల అంచున ఎర్రటి చారలు మొదలయ్యాయి. మెకానిక్ లెన్సు విప్పి తుడిచాడు, పట్టీ మార్చాడు. పూత మీద ఒకచోట మచ్చ మిగిలింది. ఎండకు ఎదురుగా తీస్తే తప్ప తెలియదు. అప్పటినుంచి స్టీలు డబ్బాలో, సిలికా జెల్ పొట్లాల మధ్య కాపురం.

ఈ లోపు లోకం మారింది. నికాన్ ఈ మోడల్ తయారీ 2001లో ఆపింది. కోడాక్రోమ్ కడిగే చివరి ల్యాబు, అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోనిది, 2010 డిసెంబరు 30తో ఆ రీళ్లు తీసుకోవడం మానేసింది. మన ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ రీళ్లు ఎప్పుడో కనుమరుగయ్యాయి.

ఇప్పుడు ఈ కెమెరా లెక్చరర్ కూతురి చేతిలో ఉంది. ఆమెకు వెల్వియా అక్కర్లేదు. 400 ఏఎస్‌ఏ నలుపు తెలుపు ఫిల్మ్ కొంటుంది, బాత్రూములో దీపం ఆర్పి తనే ట్యాంకులో కడుగుతుంది. ములుగు జిల్లా బొగత జలపాతాన్ని మబ్బులో ఎఫ్ 5.6తో అయిదువందలో వంతులో తీసింది. ప్రతి చుక్కా విడివిడిగా, గాజుపెంకుల్లా వచ్చింది.

“ఇవి నీళ్లేనామ్మా, వడగళ్లా?” అన్నాడు తండ్రి.

“నువ్వు తీసినవి మాత్రం నీళ్లా నాన్నా? పొగ!”

పోట్లాట తెగలేదు. పదిహేనో వంతు దగ్గర రాజీ కుదురుతుందని ఈ కెమెరా ఆశ. కానీ దాని మాట సాగే రోజులు పోయాయి. మీటరులో ప్లస్ దీపం మొన్నీమధ్య ఆరిపోయింది. ఆమె ఫోనులో లైట్ మీటరు యాప్ పెట్టుకుని, ఆ అంకెలు చూసి ఈ కెమెరా డయలు తిప్పుతోంది. నామోషీగానే ఉంది. అయితే ఆ ఫోను కూడా తెల్లటి నీళ్లను చూపిస్తే బూడిద లెక్కే చెబుతోంది. ఆమె దాన్ని కూడా ఆకుల మీదికి తిప్పాల్సి వస్తోంది.